కనబడని కొండ గురించి

చిరంజీవి అమ్మాయికి,

పర్లాకిమిడి నుంచి మాస్టారు ఆశీస్సులు. మహేంద్రగిరి మీద నువ్వు రాసిన వ్యాసం చేరింది. శ్రావణ మాసంలో, అదీ బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిన వారంలో ఆ కొండెక్కారంటే మీ బరంపురం పిల్లల్ని మెచ్చుకోవాలి. నీకు రాయడం వచ్చు. ఆ నమ్మకంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి పేజీలో, ముందు నడిచేవాడి వీపు కూడా కనబడనంత మబ్బు అన్నావు. మూడో పేజీకి వచ్చేసరికి శిఖరం మీద నిలబడి తూర్పున సముద్రాన్నీ పడమట కొండల వరసల్నీ కళ్ళారా చూసేశావు. మధ్యలో వాన తెరిపిచ్చిందని ఎక్కడా లేదు. అది 1,501 మీటర్ల కొండ, తీరానికి దగ్గర. సముద్రం మీంచి వచ్చే తేమగాలి దానికి తగిలి, పైకి లేచి, చల్లబడి అక్కడే మబ్బవుతుంది. ముసురు పట్టిన రోజున శిఖరం మీద ఉన్నవాడు మబ్బు లోపల ఉన్నట్టే. సముద్రం కనబడాలంటే ఆకాశం తేటగా ఉండాలి. కొండ శిఖరం అనగానే కింద లోకమంతా కనబడినట్టు రాయడం మనకు చదివిన పుస్తకాల నుంచి అలవాటైపోయింది. నీ కలం ఆ అలవాటు కొద్దీ రాసుకుపోయింది.

చూడనిది చూసినట్టు రాయకమ్మా. నేను నీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కళ్ళు పని చెయ్యని ఆ దారిలో నీ చెవులూ ముక్కూ అరికాళ్ళూ ఎంత పని చేసి ఉంటాయి! వాటిని అడిగి రాయి.

ఒక వానాకాలం ఆ కొండ వాలు మీదే సవర తెగకు చెందిన ఓ పెద్దాయన వెనక నడుస్తున్నాను. దారికి అడ్డంగా గెడ్డ, అదే కొండవాగు. నీళ్ళు చీలమండ దాటలేదు, తేటగా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు కనబడుతున్నాయి. మా మీద చినుకు కూడా లేదు. ఆయన మాత్రం చెయ్యి అడ్డంపెట్టి ఆపేశాడు. తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు. కాసేపటికి నాకూ వినబడింది: ఎగువన ఎక్కడో నీళ్ళడుగున రాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న మూగ చప్పుడు. తర్వాత పచ్చిమట్టి వాసన వచ్చింది. ముందు ఎండుటాకులు, వాటి వెనక పుల్లలు, ఆ వెనక ఎర్రనీళ్ళు. చూస్తుండగానే మేం కాలు పెట్టబోయిన రాయి మునిగిపోయింది. పైన కురిసిన వాన కిందికి దిగి రావడానికి పట్టిన ఆ వ్యవధిలోనే మనుషులు కొట్టుకుపోతారు. ఒడ్డున బండ కింద కూర్చుని, ఆయన సొరబుర్రలో తెచ్చిన చోడంబలి (రాగి అంబలి) తాగి, నీరు తీశాకే దాటాం. ఆయన మొదట విన్నాడు, తర్వాత వాసన పట్టాడు, చివరికి చూశాడు. ఆ వరస చెడకుండా రాస్తే చదివేవాడు కూడా ఒడ్డునే ఆగుతాడు.

నువ్వేమో 'ఉప్పొంగే సెలయేటిని సాహసంతో దాటాం' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎవరి చెయ్యి పట్టుకున్నావు? నీళ్ళు ఎంతవరకు వచ్చాయి? చెప్పులు చేత్తో పట్టుకున్నావా, కాళ్ళకే ఉంచుకున్నావా? ఇవి చెబితే సాహసం అన్న మాట నువ్వు అననక్కర్లేదు.

జలగ సంగతి మటుకు బ్రహ్మాండంగా రాశావు. సాక్సులోంచి తీసేదాకా తెలియనే లేదనీ, తీశాక రక్తం ఆగలేదనీ, నొప్పి మాత్రం లేదనీ ఉన్న ఆ నాలుగు వాక్యాల్లో ఒక్క అక్షరం ముట్టుకోకు. జలగ రక్తం గడ్డకట్టనివ్వని ద్రవాన్ని వదులుతుంది కాబట్టి అలాగే కారుతుంది. నువ్వు కారణం జోలికి పోకుండా జరిగింది జరిగినట్టు పెట్టావు. నీ అసలు గొంతు అదే.

గుళ్ళ చరిత్ర పేజీ ఇంటికొచ్చాక అతికించిందని తెలిసిపోతోంది. పాండవుల పేర్లున్న గుళ్ళూ, గోకర్ణేశ్వరుడూ, రాజేంద్ర చోళుడి విజయ శాసనం, దాని మీది పులీ రెండు చేపలూ అన్నీ నిజమే. కానీ భీముడి గుడి రాతికి వీపు ఆనించి వాన తగ్గేదాకా నిలబడ్డామని నువ్వే రాశావు కదా. అంతంత రాళ్ళు! ముందు ఆ రాయి ఎంత చల్లగా ఉందో, నీ పక్కన ఎంతవరకు పరుచుకుని ఉందో చెప్పు. అక్కడికి ఎవరు ఎత్తారన్న ప్రశ్న చదివేవాడికి పుట్టాక చరిత్ర చెప్పు, వింటాడు.

నాకు కష్టం కలిగించిన వాక్యం ఒకటుంది. 'ఒక గిరిజనుడు మాకు దారి చూపాడు.' అంతేనా? రోజంతా మీ ముందు నడిచిన మనిషి ఒక్క మాటా అనలేదా? మా ఊళ్ళోనే గిడుగు రామమూర్తి గారు ఒక సవర యువకుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. నిన్ను అంత చెయ్యమనడం లేదు. ఎక్కడ ఆగమన్నాడో, దేన్ని చూసి ఆగమన్నాడో అడిగి రాసుకో. ఆ దారి ఆయనకు ఇంటి వాకిలి.

ఇంకో సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి, వానకు తలదాచుకున్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వానలో తడిసిన ఆనందం రాయొద్దని అనను. నువ్వు నిజంగానే ఆనందించావు, రాయి. అయితే దిగి వచ్చేటప్పుడు వాకిట్లో నిలబడి కొండవైపు చూస్తున్న ముసలమ్మ గురించి ఒక వాక్యం రాసి కొట్టేశావు. కొట్టేసినా చదవగలిగాను. దాన్ని తిరిగి పెట్టు. ఆమె ఏం చూస్తోందో నీకు తెలియకపోతే ఊహించి రాయకు, చూస్తోందని రాసి ఊరుకో.

సముద్రం పేరా తీసెయ్యి. గెడ్డ దాటిన భాగం కొత్తగా రాయి, పేజీ అయినా ఫర్వాలేదు. మీతో వచ్చిన పిల్లల్ని కూడా అడుగు, ఒకరికి గుర్తు లేనిది ఇంకొకరికి ఉంటుంది. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాసి దసరాలోపు పంపించు. నా కళ్ళజోడు నెంబరు పెరిగింది కాబట్టి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించు.

ఆశీస్సులతో,
మాస్టారు