అమ్మానాన్నలతో అలాస్కా ఓడ ప్రయాణం: టికెట్టు కొనే ముందే చూసుకోవలసినవి

వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు, సియాటిల్ నుంచి ఓడలో అలాస్కా తీరం చూపించాలనుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలి అని కొత్తగా అమెరికా వచ్చినవారు తరచుగా అడుగుతున్నారు. మా పెద్దవాళ్లతో రెండుసార్లు వెళ్లివచ్చిన అనుభవంతో మొట్టమొదట చెప్పేది కెనడా వీసా గురించే.

సియాటిల్, అలాస్కా రెండూ అమెరికాలోనే ఉన్నాయి కదా, కెనడాతో పనేమిటి అనిపించడం సహజం. విదేశీ జెండాతో నడిచే ఓడలు కేవలం అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పడానికి 1886 నాటి అమెరికా చట్టం ఒప్పుకోదు. పెద్ద విహార నౌకలు దాదాపు అన్నీ ఇతర దేశాల్లో నమోదైనవే కనుక, సియాటిల్‌లో బయలుదేరిన ఓడ దారిలో ఒక విదేశీ రేవులో, సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో, ఆగి తీరాలి. అక్కడ దిగకుండా గదిలోనే ఉంటామన్నా భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా వీసా ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అవసరం లేదు కానీ, హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉంది. ఈ సంగతి తెలియక మా మొట్టమొదటి ప్రయత్నంలో ముందు టికెట్లు కొన్నాం, వీసా సమయానికి రాక అడ్వాన్సు పోగొట్టుకున్నాం. అన్నిటికంటే బాధ కలిగించింది, బట్టలు కూడా సర్దుకుని కూర్చున్న అమ్మకు ఆ మాట చెప్పవలసి రావడం. తిరిగి అమెరికాలోకి రావాలి కనుక పెద్దవాళ్ల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ (ఒకటికంటే ఎక్కువసార్లు రానిచ్చేది) అయి ఉండాలి. కెనడా రేవు తాకి వచ్చినంత మాత్రాన ఐ-94 గడువు, అంటే అమెరికాలో ఉండడానికి ఇచ్చిన గడువు, పెరుగుతుందని లెక్క వేసుకోవద్దు.

రెండో విషయం దారి. సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమరగా, పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళతాయి. అక్కడ ఊపు ఎక్కువ. కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి బయలుదేరేవి దీవుల చాటున ఉండే ఇన్‌సైడ్ పాసేజ్‌లో వెళతాయి కనుక నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. కళ్లు తిరిగే అలవాటున్న పెద్దవాళ్లకు నేను ఈ రెండో దారినే గట్టిగా సూచిస్తాను. ఏ ఓడైనా కింది అంతస్తులో, మధ్య భాగంలో గది తీసుకుంటే కుదుపు తక్కువగా తెలుస్తుంది. వాంతులు రాకుండా వేసుకునే మెక్లిజిన్ మాత్ర గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారికి పడకపోవచ్చు. డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు.

అలాస్కాలో హిమానీనదాలున్న అఖాతం, జాతీయ ఉద్యానవనం అయిన గ్లేసియర్ బే ఉన్న ప్రయాణాన్నే ఎంచుకోండి. ఆ జాతీయ ఉద్యానవనంలోకి రోజుకు రెండు పెద్ద విహార నౌకలకు మించి అనుమతించరు కనుక అన్ని ఓడలూ అక్కడికి వెళ్లవు. 1750 ప్రాంతంలో ఆ అఖాతమంతా మంచే. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వెళ్లేసరికి ఆ మంచు 30 మైళ్లకు పైగా వెనక్కి తగ్గింది. పార్కు రేంజర్లు ఓడ ఎక్కి ఈ కథంతా మైకులో చెబుతుంటే, నాన్నకు నేను తెలుగులో చెబుతూ వచ్చాను. మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఆగుతుంది. సుమారు మైలు వెడల్పు, నీటిపైన 250 అడుగుల ఎత్తు ఉన్న నీలపు మంచుగోడ అది. పెళ్ల విరిగి నీళ్లలో పడడం ముందు కనిపిస్తుంది, ఒకటి రెండు క్షణాలకు ఉరుములాంటి చప్పుడు వస్తుంది. శాలువా బిగించి కమ్మీ పట్టుకుని నిలబడిన అమ్మ మొదటి చప్పుడుకు ఉలిక్కిపడింది, ఆ తర్వాత గంటసేపు లోపలికి రమ్మన్నా రాలేదు. ఓడను నిలిపినచోటే తిప్పుతారు కనుక ఏ వైపు ఉన్నవారికైనా కనిపిస్తుంది, ఇందుకోసం బాల్కనీ గదికి ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. జూన్, జులైలలో కూడా ఉన్ని టోపీ, చేతి తొడుగులు, వానకోటు తప్పనిసరి.

సందర్శకుల ఇన్సూరెన్సు ఓడలోని వైద్యానికి, అవసరమైతే హెలికాప్టరులో తరలించే ఖర్చుకు వర్తిస్తుందో లేదో షరతులు చదివి తెలుసుకోండి. అలాస్కా రాజధాని జూనోకే బయటినుంచి రోడ్డు లేదు, ఓడలోనో విమానంలోనో చేరాలి, అందుకే తరలింపు ఖర్చు గురించి చెబుతున్నాను. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు కనుక బీపీ, షుగరు మాత్రలు, పాస్‌పోర్టులు, ఒక స్వెటరు చేతిసంచిలోనే ఉంచుకోండి.