గుర్రపు కొట్టం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది దెగ్లూరు తాలూకాల ఊరు. ఇంటెనుక నల్లరేగడి జాగ ఉంది. రెండు గుర్రాలకు కట్టెతోని కొట్టం కట్టాల్నని ఉంది. గుంజలు నాటి, పలకలు కొట్టి, రేకులేస్తె సాలని మా వడ్లాయన అంటున్నడు. కొలతలేంటివి, సామాను ఎంత పడ్తది?

జవాబు: గుంజలు భూమిలో నాటే ఆలోచన ముందు మానుకోండి. కట్టె కొట్టం కూలేది పైనుంచి కాదు, అడుగునుంచి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బాస్తుంది. నాటిన గుంజ ఏడాదికి రెండుసార్లు అటూ ఇటూ కదులుతుంది. దానికి తోడు చెదలు, మూత్రం. నేలమట్టానికి పైన జానెడు, కింద జానెడు, అక్కడే టేకైనా కుళ్లుతుంది. ఖర్చు తగ్గించాల్సి వస్తే పైకప్పులో తగ్గించుకోండి, పునాదిలో వద్దు.

ఒక్కో గుర్రానికి 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది కావాలి. చిన్న జాతి తట్టువకైతే 10కి 10 సరిపోతుంది. ఈనబోయే ఆడగుర్రానికి 14కి 14 ఉండాలి. మీ రెండింటికి పక్కపక్కనే గదులు వేస్తే 24 అడుగుల పొడవు, 12 అడుగుల లోతు. ముందు 6 అడుగుల వసారా తప్పనిసరిగా వదలండి. పొడవు తూర్పు పడమరలుగా పెట్టి వసారా ఉత్తరానికి వస్తే సాయంత్రపు ఎండ పొట్టిగోడకే తగులుతుంది, నైరుతి జల్లు లోపలికి కొట్టదు.

పునాదికి తొమ్మిది దిమ్మెలు కావాలి: వెనక మూడు, ముందు మూడు, వసారాకు మూడు. ఒక్కోటి 15 అంగుళాల చదరం. గట్టి మొరం తగిలేదాకా తవ్వాలి. మొరం పైనే తగిలినా 4 అడుగులకు తక్కువ పోవద్దు. దిమ్మె తల లోపలి నేలకంటే 9 అంగుళాలు పైకి ఉండాలి. కాంక్రీటు పచ్చిగా ఉండగానే 6 మిల్లీమీటర్ల మందం ఉన్న యు ఆకారపు ఇనుప పట్టీ దిగేసి, గుంజను అందులో నిలబెట్టి 12 మిల్లీమీటర్ల బోల్టులు రెండు అడ్డంగా బిగించండి. గుంజ అడుగుకూ కాంక్రీటుకూ మధ్య అర అంగుళం ఖాళీ ఉండాలి. అక్కడ నీరు నిలవదు, చెదలు ఎక్కితే కంటికి కనబడతాయి.

దిమ్మెలను కలుపుతూ 9 అంగుళాల కాంక్రీటు దూలం పోయించండి. ఆ దూలం నేలను తాకకూడదు, కింద 3 అంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే ఉబ్బిన రేగడి దూలాన్ని పైకెత్తి బీటలు వారుస్తుంది. లోపల నింపే మొరం ఆ ఖాళీలోకి జారకుండా పక్కన ఒక వరస రాయి పేర్చితే చాలు. దూలం మీద గుర్రం నేలకు 9 అంగుళాల ఎత్తున ఇటుక కట్టు, దాని మీద తారు అట్ట, ఆ పైనే పలకలు మొదలవ్వాలి.

లోపల రేగడి 2 అడుగులు తీసేసి మొరం నింపాలి. ఆరంగుళాలకోసారి తడిపి దిమ్మిసతో కొట్టాలి. చాలామంది ఇక్కడ ఇసుక పోస్తారు. ఇసుకలో దిగిన నీరు అడుగున రేగడి మీద నిలిచి దాన్నింకా ఉబ్బిస్తుంది. మొరం నింపాక, పైనేల వేయకముందే చెదల మందు పట్టించండి. క్లోర్‌పైరిఫాస్ 20 ఇసి ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్లు, చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం. వసారాతో కలిపి మీది 40 చదరపు మీటర్లు, అంటే 200 లీటర్ల ద్రావణం, 10 లీటర్ల మందు. ఇది విషం. బావికి, నీళ్ల తొట్టికి దూరంగా వాడాలి. పైనేల పూర్తయ్యేదాకా గుర్రాలు ఆ చాయలకు రాకూడదు.

పైనేలకు షాబాద్ బండ వద్దు. మీవైపు ఇళ్లన్నిటిలో అదే పరుస్తారు, ధరా తక్కువే. కానీ నాడాలు కొట్టిన గుర్రం తడిసిన బండ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటుంది. 4 అంగుళాల కాంక్రీటు వేసి, పచ్చిగా ఉండగా గట్టి చీపురుతో గీతలు లాగించండి. లేదా నిలువు ఇటుక పరచండి. వెనకనుంచి ముందుకు 12 అడుగులకు 2 అంగుళాల వాలు చాలు. ఎక్కువైతే గుర్రం ఎప్పుడూ ఏటవాలుగా నిలబడి నరాలు పట్టేస్తాయి.

ఇక కట్టె. గుంజలకు టేకు, తన్నుపలకలకు (గుర్రం తన్నే ఎత్తుదాకా గోడకు బిగించేవి) నల్లతుమ్మ. అన్నీ టేకే పెట్టడం డబ్బు దండగ, పైగా తన్నుకు తుమ్మే బాగా ఓరుస్తుంది. తుమ్మలో 12 అడుగుల తిన్నని పలక దొరకదు కాబట్టి గోడల్లో, నడిమి అడ్డులో నాలుగడుగులకో నిలువు కట్టె పెట్టి పొట్టి పలకలతో పని కానివ్వండి. లెక్క ఇదీ:

ముందు వెనక గుంజలు ఆరు, 5 అంగుళాల చదరం, 10 అడుగుల ఎత్తు: పదిన్నర ఘనపుటడుగులు.
వసారా గుంజలు మూడు, 4 అంగుళాల చదరం, 8 అడుగులు: 2.7.
నడిమి నిలువులు పది, 4కి 3 అంగుళాలు, 9 అడుగులు: ఏడున్నర.
తన్నుపలకలు ఒకటిన్నర అంగుళం మందం, నాలుగున్నర అడుగుల ఎత్తు, తలుపులు తీసేస్తే 76 అడుగుల పొడవు: 43. కోతలో పోయేది కలిపి 48 తెచ్చుకోండి.

వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. అడితిలో బిల్లు రాసేటప్పుడు మీరే పక్కన లెక్కేసుకోండి. పైకప్పు కట్టె ఇందులో లేదు.

పలకల్ని గుంజకు లోపలి వైపే బిగించాలి. అప్పుడు గుర్రం తన్నినా పలక గుంజకు ఆనుతుంది. బయటనుంచి కొడితే ప్రతి తన్నుకూ మేకు కొంచెం కొంచెం బయటికొస్తుంది, ఓ రాత్రి పలక ఊడుతుంది, ఆ సందులో కాలు ఇరుక్కుంటుంది. మేకులు కాదు, బోల్టులు వాడండి. తల లోపల చెక్కలోకి దిగిపోవాలి, నట్టు బయట ఉండాలి. రెండు గదుల నడుమ తన్నుపలకల పైన అంగుళం గొట్టాలు నిలువుగా పెట్టండి. సందు రెండు అంగుళాలు మించితే పిల్ల డెక్క పడుతుంది. గుర్రం ఒంటరిగా ఉండలేదు, పక్కదాన్ని చూస్తూ ఉంటే మేత కూడా సరిగ్గా తింటుంది.

ప్రశ్న: మాది బల్లార్షా. రేకుల కొట్టంల ఎండకాలం గుర్రం రొప్పుతున్నది. గడ్డి కప్పు ఏస్తె సల్లగుంటదా? (అటక మీద గడ్డి పెట్టుకుందమని కూడ ఉంది.)

జవాబు: చంద్రపూర్ వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. గడ్డి కప్పు చల్లగానే ఉంటుంది, కానీ ఒక్క బీడీ ముక్క చాలు. అటక మీద ఎండుగడ్డి అంతకంటే చెడ్డది. దుమ్ము రాత్రంతా గుర్రం ముక్కులోకే రాలి దగ్గు పట్టుకుంటుంది. గడ్డివామి కొట్టానికి 50 అడుగుల దూరంలో వేయండి.

మీ గుర్రం రొప్పడానికి రేకు ఒక్కటే కారణం కాకపోవచ్చు. చూరు ఎత్తు ఎంత? 8 అడుగులైతే ఏ కప్పు వేసినా ఉడికిపోతుంది. చూరు 10 అడుగులు, నడికొప్పు 13 అడుగులు ఉండాలి. గోడ పలకలు చూరుదాకా పోకుండా పైన అడుగున్నర ఖాళీ వదలండి. కొప్పు పొడవునా 6 అంగుళాల సందు వదిలి, దానిమీద చిన్న రేకు గొడుగులా ఎత్తి పెట్టండి. వేడిగాలి, మూత్రపు ఘాటు అక్కడినుంచే పోతాయి. పొద్దున్నే కొట్టంలోకి పోయి గుర్రం ముక్కు ఎత్తున మీరు తల పెట్టి చూడండి. కళ్లు మండితే గాలి సరిపోవడం లేదన్నమాట.

ఉన్న రేకు మీద తెల్ల సున్నం కొట్టి, కింద ఒక అడుగు వదిలి వెదురు తడక కట్టండి. కొత్తగా వేసేవాళ్లు మంగుళూరు పెంకు వేసుకుంటే తడక అవసరమే ఉండదు, కాకపోతే వాసాలు బలంగా ఉండాలి. ఎండాకాలంలో ఒక్కో గుర్రం రోజుకు 50 లీటర్ల దాకా తాగుతుంది. తొట్టి నీడలో ఉండాలి. పంకా పెడితే తీగలు గొట్టంలోంచే రావాలి, గుర్రం మెడ అందని ఎత్తులో ఉండాలి, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపుల ట్రిప్ స్విచ్ తప్పదు. ఇనుప నాడాలతో తడి నేల మీద నిలబడ్డ జంతువుకు మనకంటే తొందరగా షాక్ తగులుతుంది.

ప్రశ్న: ధర్మాబాద్‌ల బారాత్ గుర్రాలు నడిపిస్త. కొత్త తలుపు మొత్తం కొరికి పారేసింది. కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తె ముట్టదంటున్నరు. తలుపు లోపలికి తెరిసేటట్టు పెట్టిన, అది తప్పా?

జవాబు: ఇంజన్ ఆయిల్ వద్దే వద్దు. దాంట్లో లోహాలున్నాయి, గుర్రం నాకుతూనే ఉంటుంది. కొరికే అంచులకు ఒకటిన్నర అంగుళం ఇనుప కోణం తొడగండి, అంచు గీరుకోకుండా ఆకురాయితో గుండ్రం చేయండి. మిగతా చెక్కకు అవిసె నూనె పట్టిస్తే చాలు. అయితే కొరకడానికి అసలు కారణం చూడండి. పెళ్లిళ్లు లేని రోజుల్లో పొద్దంతా కట్టేసి, దాణా పెట్టి, గడ్డి తక్కువేస్తే ఏ గుర్రమైనా కట్టె కొరుకుతుంది. అగాడీ పిచ్చాడీ తాళ్లతో ముందూ వెనకా కట్టేసినదైతే మరీ. గది కట్టాక ఆ తాళ్లు తీసేయండి.

తలుపు బయటికే తెరుచుకోవాలి. లోపల గుర్రం అడ్డం పడుకుంటే మీరు తలుపు తీయలేరు, లేవలేక గిలగిలలాడుతున్నా సాయం చేయలేరు. వెడల్పు 4 అడుగులు, ఎత్తు 8. రెండు ముక్కలుగా చేయించండి, కింది ముక్క నాలుగున్నర అడుగులు. దానికి పైన ఒక గడియ, అడుగున కాలితో నొక్కే గడియ. పై గడియ ఒక్కటే ఉంటే వారం తిరక్కుండా మూతితో తీయడం నేర్చుకుంటుంది.

ప్రశ్న: సిరొంచ దగ్గర మా చేన్ల టేకు చెట్లున్నయి. అవే కొట్టి వాడుకోవచ్చా?

జవాబు: మీ చేనే అయినా మహారాష్ట్రలో టేకు కొట్టడానికి అనుమతి కావాలి, 1964 చట్టం ఉంది. అటవీశాఖలో అర్జీ పెట్టుకుని, అనుమతి వచ్చాకే గొడ్డలి పట్టండి. కొట్టిన కట్టెను కదిలించే ముందు రవాణా పాసు కూడా తీసుకోండి. గోదావరి దాటించి కోత మిల్లుకు తెలంగాణ వైపు తీసుకెళ్లాలనుకుంటే పాసు లేకుండా బండి కదలదు.

ఇంకోమాట. చుట్టుకొలత రెండున్నర అడుగుల లోపు ఉన్న చెట్టులో 5 అంగుళాల చేవ గుంజ రావడం కష్టం. పైన తెల్లగా ఉండే చెక్కను పురుగు రెండేళ్లలో పొడి చేస్తుంది. టేకు అంటే చెదలు పట్టదన్న పేరు చేవకే గానీ ఆ తెల్లచెక్కకు కాదు. కోసిన గుంజల్ని నీడలో, రెండడుగులకో అంగుళం బద్ద పెట్టి పేర్చి, కొసలకు రంగు పూసి, కనీసం ఒక వేసవి ఆరనివ్వండి. పచ్చిది బిగిస్తే ఆరినకొద్దీ బోల్టు రంధ్రాల దగ్గర చీలుతుంది.

ప్రశ్న: మాళేగావ్ జాతరల గుర్రం కొనబోతున్నం. తెచ్చినంక అదే కొట్టంల కట్టొచ్చా? (బిలోలి)

జవాబు: కట్టొద్దు. ఉన్న గుర్రాలకు దూరంగా, కొత్తదాని మీది గాలి వాటి వైపు వీచని వేరే చోట మూడు వారాలు ఉంచండి. బకెట్టు, ఒళ్లు రుద్దే బ్రష్షు, మోకు అన్నీ వేరే. గ్లాండర్స్‌కు నెత్తురు పరీక్ష పశువైద్యుడితో చేయించండి. అది మనుషులకూ సోకే జబ్బు. కట్టె గదిలో జబ్బు గుర్రం ఉన్నాక పలకల సందుల్ని పూర్తిగా శుభ్రం చేయడం ఇటుక గోడంత తేలిక కాదు. అందుకే ఆ వేరు గదికి మాత్రం తన్నుపలకలు వద్దు, సిమెంటు గోడ కట్టి ఏటా రెండుసార్లు సున్నం వేయండి. చుట్టుపక్కల గన్నేరు గానీ ఆముదం గానీ ఉంటే గుర్రం రాకముందే పీకించేయండి.