ఆరో బొమ్మ దగ్గరే ఆగిపోయాను

మాది నిజాంపేట. వయసు 31. ఇంటి నుంచే పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఒక కథల పుస్తకానికి 16 బొమ్మలు ఒప్పుకొన్నాను. మొదటి ఐదూ చూసి ఎడిటర్ ఎంతో మెచ్చుకున్నారు. ఆరోది సంతలో మేకపిల్ల తప్పిపోయే బొమ్మ. రెండు నెలలుగా కదలడం లేదు, గడువూ దాటింది. పాపను స్కూల్ బస్సెక్కించి వచ్చి ట్యాబ్ తెరుస్తాను. ఐదు నిమిషాల్లో లేచి వెళ్లి పోపుల డబ్బా కడుగుతుంటాను. ఎడిటర్ ఫోన్ ఎత్తాలంటే భయం. మావారు ‘ఇంట్లోనే ఉంటావుగా, ఇంకా కాలేదా?’ అంటారు. అమ్మ మాత్రం చిన్నప్పటి నుంచీ నాకు బద్ధకమే అంటుంది. నిజమేనా?
- ఓ సోదరి, హైదరాబాద్

బద్ధకస్తులు పోపుల డబ్బా కడగరమ్మా. కడిగితే డబ్బా మెరుస్తుంది, ఎవరూ వంక పెట్టరు. బొమ్మకు ఆ భరోసా లేదు. పైగా మొదటి ఐదింటికి వచ్చిన మెప్పే ఇప్పుడు మీకు బరువైంది. ట్యాబ్ తెరవగానే గుబులు, లేవగానే ఊరట. మనసు ఆ ఊరటకు అలవాటు పడింది. వాయిదా వేయడంపై పరిశోధించిన మనస్తత్వవేత్తలు చాలామంది చెప్పేదీ ఇదే: చిక్కు టైమ్‌తో కన్నా, ఆ పని రేపే భయంతోనే ఎక్కువ.

ముందు ఎడిటర్‌కు ఫోన్ చేయండి, ఈరోజే. ‘ఆలస్యమైంది, తప్పు నాదే. ఆరో బొమ్మ రఫ్ స్కెచ్ వచ్చే వారం శుక్రవారం పంపుతాను’ అనండి చాలు. సంజాయిషీలు వద్దు. ఒక్క మాట పడాల్సి వచ్చినా పడండి. మోగే ఫోన్‌ను బోర్లా పెట్టిన ప్రతిసారీ ఆ బొమ్మ మీకు ఇంకా దూరమవుతోంది.

సంత బొమ్మ నిజంగానే కష్టం. అంతమంది జనాన్ని ఒకేసారి వేద్దామని కూర్చుంటే ఎవరికైనా చేయి ఆడదు. ఆదివారం కూకట్‌పల్లి రైతుబజారుకు వెళ్లి కూరలు తూచే చేతులు, సంచీ పట్టుకుని బేరమాడే నడుములు చూసి రండి. సోమవారం పాపను బస్సెక్కించి రాగానే, వంటింట్లోకి వెళ్లకముందే కూర్చోండి. ట్యాబ్ కాదు, పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు, పెన్సిల్‌తో. 25 నిమిషాలు మేకపిల్ల ఒక్కటే. వంకరగా వచ్చినా ఫర్వాలేదు, ఆ కాగితం ఎవరికీ పంపరు కదా. ఆపేటప్పుడు చెవులో కాళ్లో కాస్త మిగల్చండి. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

పోయిన రెండు నెలల గురించి తిట్టుకోవడం మానేయండి. ఇది ఓదార్పు మాట కాదు. కెనడాలో విద్యార్థులపై జరిపిన అధ్యయనం 2010లో వచ్చింది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు.

మీవారికి ఈ ఉత్తరం చూపించండి. ‘ఎంతైంది?’ అని అడగకుండా, ఆ అరగంట ఇంటి బెల్ మోగితే తను చూసుకుంటే అదే పెద్ద సాయం. అమ్మ మాటకు ఇప్పుడే జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఒకవేళ బొమ్మలే కాదు, దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్రా తిండీ తగ్గి రెండు వారాలు దాటితే మాత్రం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.