ఫొటో తీయొద్దన్న చోటే నాకు అది దొరికింది

పెద్దగా భక్తి లేనివాళ్లకి కూడా ప్రయాణాల్లో ఏ కొండనో అడవినో చూసి ‘ఇది పవిత్రం’ అనిపిస్తుందా, అలా అనిపించాలంటే ఏం చేయాలి అని అడిగారు. నాకు ఒక్కసారి అనిపించింది, అదీ అనుకోకుండా.

ఆస్ట్రేలియా నడిమధ్య ఉలురు అని ఎర్రటి ఇసుకరాయి కొండ ఉంది, 348 మీటర్ల ఎత్తు, చుట్టూ నడిస్తే 10 కిలోమీటర్ల పైనే. అక్కడి అనంగు జనానికి అది పవిత్రం. ఎక్కొద్దని వాళ్లు ఏళ్ల తరబడి చెప్తున్నా జనం ఎక్కుతూనే ఉండేవాళ్లు, చివరికి 2019 అక్టోబరు 26న దాన్ని పూర్తిగా ఆపేశారు. నేను వెళ్లింది ఆ తర్వాతే, పైకి ఎక్కనివ్వరట అని కాస్త నిరాశగానే.

తెల్లవారకముందే నడక మొదలుపెట్టాను. మొదటి గంటంతా ఫొటోలతోనే సరిపోయింది. తర్వాత ఒకచోట బోర్డు: ఇక్కడ ఫొటోలు తీయకండి, ఈ రాతి మీది రూపాలు మాకు పవిత్ర గ్రంథంతో సమానం, వాటిని ఉన్నచోటే చూడాలి అని. విసుక్కుంటూనే ఫోన్ జేబులో పెట్టాను. చేతులు ఖాళీ అయ్యాక ఏం చేయాలో తోచలేదు, ఊరికే నిలబడ్డాను. అప్పుడు కనిపించాయి, వాన నీళ్లు జారీ జారీ రాతి మీద పడ్డ నల్లటి చారలు, గాలి తొలిచిన గుంటలు, వాటిలోకి మెల్లగా దిగుతున్న ఎండ. ఇదేదీ నా కోసం లేదు, నేను రాకపోయినా ఇలాగే ఉండేది అనిపించింది. ఎందుకో అది బాధగా లేదు, చాలా తేలిగ్గా ఉంది.

నేపాల్‌లో మచ్చపుచ్ఛ్రే అనే పవిత్ర పర్వతం మీద 1957లో ఒక బ్రిటిష్ బృందం, శిఖరం మీద కాలు పెట్టబోమని మాటిచ్చి, ఇంకో 50 మీటర్లు ఉందనగా ఆగిపోయింది. అది చదివినప్పుడు ఇదేం పిచ్చి అనుకున్నాను, ఇప్పుడు అనుకోను.

కాబట్టి నాలుగు చోట్లు చుట్టేసే బదులు ఒక్కచోటే ఎక్కువసేపు ఉండండి, ఒంటరిగా అయితే ఇంకా మంచిది. గుర్తుగా రాయి మాత్రం తెచ్చుకోకండి. ఉలురు నుంచి పట్టుకెళ్లిన రాళ్లని క్షమాపణ ఉత్తరాలతో పోస్టులో తిప్పి పంపేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇంకో మాట, మర్నాడు అదే అనుభూతి కోసం అదే టైముకి అదే చోటికి మళ్లీ వెళ్లాను. మొహం మీద ఈగలు తోలుకోవడంతోనే సరిపోయింది.