షాఫ్టుది అదురా, కంపనమా?

సందేహం: జీపు ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు తిప్పుడుని చక్రాల ఇరుసుకి అందించే పొడుగాటి కడ్డీ) విప్పి బిగించాక, వేగం అందుకోగానే బండి అదురుతోంది. "యోకుల వరస తప్పింది" అన్నాడు మేస్త్రీ (యోకులంటే షాఫ్టు కొసల్లో ఉండే పంగ ముక్కలు). కాలేజీలో చదివే మా అబ్బాయేమో 'అదురు' పామరుల మాట, 'కంపనం' అనాలంటాడు. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, రాయగడ (ఒడిశా)

సమాధానం: అబ్బాయి తొందరపడ్డాడు. 'అదురు' పామరం కాదు, పాతది. తమిళంలో 'అదిర్', కన్నడంలో 'అదిరు' దీని తోబుట్టువులే. మనవాళ్లు దాన్ని ఎక్కడ వాడారో చూడండి: కన్ను అదురుతుంది, పెదవి అదురుతుంది, గుండె అదురుతుంది. చిన్న కదలిక, వడివడిగా, మళ్లీ మళ్లీ, మన ప్రమేయం లేకుండా వచ్చేది. చలికో భయానికో వచ్చేది వణుకు. గతుకుల రోడ్డు పెట్టేది కుదుపు.

మీ షాఫ్టుది అసలైన అదురు. రెండు యోకుల్ని కలిపే కీలు, క్రాసు జాయింటు, వంగి తిరిగితే, తిప్పే వేగం నిలకడగా ఉన్నా తిరిగే వేగం నిలకడగా ఉండదు. ఒక్కో చుట్టులో రెండేసిసార్లు పెరిగి తగ్గుతుంది. గేర్‌బాక్సు నిమిషానికి 1000 చుట్లు తిప్పుతుంటే, జాయింటు వంపు 10 డిగ్రీలున్నప్పుడు షాఫ్టు వేగం 985కీ 1015కీ మధ్య ఊగుతుంది. 30 డిగ్రీలైతే 866కీ 1155కీ మధ్య! రెండో చివరి జాయింటు వంపు కూడా అంతే ఉండి, షాఫ్టు రెండు కొసల యోకులూ ఒకే తలంలో ఉంటే, ముందుది చేసిన హెచ్చుతగ్గుల్ని వెనకది సరిచేస్తుంది. బిగించేటప్పుడు షాఫ్టు రెండు ముక్కల్ని కలిపే పళ్లు తప్పితే ఆ పొందిక చెడుతుంది. బాణం గుర్తులు కలిపి బిగించమనేది అందుకే. ఈ పొందికనే ఇంగ్లీషులో 'ఫేజింగ్' అంటారు; దానికి మీ మేస్త్రీ చెప్పిన 'వరస' కన్నా మంచి మాట నాకు తట్టలేదు. మీ పక్క జిల్లా పర్లాకిమిడిలోనే కదా, గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెబుతూ జనం నోటి మాటకి బడిలో చోటు కావాలని పోరాడింది!

అయినా అబ్బాయిని మాత్రం ఏమనగలం? బిర్యానీ అదిరింది, చీర అదిరింది, పాట అదిరింది! మెచ్చుకోవడానికి తెలుగులో ఇంకో మాటే లేదా? ఇలా ప్రతిదానికీ వాడితే ఎంత మంచి మాటైనా చవకగానే వినిపిస్తుంది.

'కంపనం' సంస్కృతం, తప్పేమీ లేదు. పరీక్షలో అదే రాయనివ్వండి. లెక్కలూ కొలతలూ ఉన్నచోట నేనూ బహుశా అదే రాస్తాను. షెడ్డులో మాత్రం 'అదురు' అనే చెప్పండి. 'కుదుపు' అంటే మేస్త్రీ కమాను పట్టీలు చూస్తాడు, 'అదురు' అంటే షాఫ్టు కిందికి దూరతాడు.