నైజీరియా నటిని చూపించి ‘నేనూ వెళ్తా’ అంటోంది

ప్రశ్న: మాది కరీంనగర్. అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. నెట్‌ఫ్లిక్స్‌లో ‘లయన్‌హార్ట్’ అనే నైజీరియా సినిమా చూసినప్పటి నుంచి ఆ హీరోయిన్ జెనీవీవ్ న్నాజి పేరే జపం. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) వద్దు, హైదరాబాద్ వెళ్లి సినిమాల్లో ప్రయత్నిస్తానంటోంది. ‘ఆమె ఎనిమిదేళ్లకే మొదలుపెట్టింది, నేనింకా ఎప్పుడు మొదలుపెట్టాలి నాన్నా’ అని అడిగితే నాకు జవాబు దొరకలేదు.
– ఒక తండ్రి

జవాబు: అమ్మాయి చెప్పింది అబద్ధం కాదండీ, సగం కథ. న్నాజి ఎనిమిదేళ్లకే ‘రిపుల్స్’ అనే టీవీ సీరియల్‌లో చేసిన మాట నిజమే. కానీ వాళ్ల కుటుంబం ఉన్నది లాగోస్‌లో, అంటే నైజీరియా టీవీ, సినిమా పని ఎక్కువగా నడిచే ఊళ్లోనే. నాన్న ఇంజినీరు, అమ్మ టీచరు, ఎనిమిది మంది పిల్లలు. ఇంట్లో అన్నం తిని, బడికి వెళ్తూ నటించిన పిల్ల ఆమె. సినిమాల్లోకి వచ్చింది 1998లో, పందొమ్మిదేళ్లప్పుడు. లాగోస్ యూనివర్సిటీలో చదువుతూనే ఆడిషన్లకు తిరిగింది. కరీంనగర్ నుంచి వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకుని, అద్దె డబ్బులకు వెతుక్కుంటూ అవకాశాలు అడగడం వేరే సంగతి.

మీ అమ్మాయి చూడని ముక్క ఇంకోటుంది. నాకు ఆమె జీవితంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే. అప్పట్లో నాలీవుడ్, అంటే నైజీరియా సినిమా అంటే థియేటర్ కాదు, క్యాసెట్టూ సీడీనే. లాగోస్‌లోని ఇడుమోటా, అలాబా బజార్లలో క్యాసెట్లు అమ్మే వ్యాపారులే డబ్బు పెట్టేవాళ్లు. ఎవరిని పెట్టాలో, ఎవరిని తీసెయ్యాలో చెప్పేదీ వాళ్లే. 2004లో పారితోషికం ఎక్కువ అడుగుతున్నారంటూ ఆ వ్యాపారులు కొందరు పెద్ద తారలను పక్కన పెట్టేశారు. న్నాజి, ఒమోటోలా, రామ్సే నువా అందులో ఉన్నారు. దేశమంతా గుర్తుపట్టే నటి, చేతిలో సినిమా లేదు! ఆమె ఆ ఏడాది పాటల ఆల్బం చేసింది. 2005లో ఆఫ్రికా మూవీ అకాడమీ ఉత్తమ నటి అవార్డు అందుకుంది. తర్వాత 2008లో బట్టల వ్యాపారం పెట్టింది, ఆపై నిర్మాణంలోకి దిగింది. 2018లో ‘లయన్‌హార్ట్’కి తనే దర్శకురాలు. టొరంటో చలనచిత్రోత్సవంలో చూపించారు, నెట్‌ఫ్లిక్స్ కొనుక్కుంది. మొదటి సీరియల్ నుంచి అక్కడికి దాదాపు ముప్పై ఏళ్లు. ఆ సినిమా మీరూ చూడండి, నాన్న బస్సుల కంపెనీని ఒడ్డున పడేసే కూతురి కథ. మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి బాగుంటుంది.

అలాగని ‘చూశావా, ఎంత కష్టమో’ అని భయపెట్టకండి. ఆ వయసు పిల్లలు దానికి లొంగరు. ‘ఒక ఏడాది ఎవరూ పిలవకపోతే ఏం చేస్తావు?’ అని మాత్రం అడగండి. రాస్తాననో, ఎడిటింగ్ నేర్చుకుంటాననో, నాటకాలు వేస్తాననో ఏదో ఒకటి చెబితే ఆ కోరికను తేలిగ్గా తీసుకోకండి. ‘అలా ఎందుకవుతుంది’ అంటే ఇంకా సినిమా మోజు దగ్గరే ఉందన్నమాట.

చదువు సంగతి. ఇష్టం లేని బీటెక్‌లో నాలుగేళ్లు కూర్చోబెట్టమని నేను చెప్పను. హైదరాబాద్‌లో నాటక సంఘాలకు దగ్గరగా ఉండే కాలేజీలో, తనకు నచ్చిన సబ్జెక్టుతో మామూలు డిగ్రీ చేయనివ్వండి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకైనా, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నటన కోర్సుకైనా డిగ్రీ ఉండాలి. ఢిల్లీవాళ్లు నాటకాల్లో చేసిన అనుభవం కూడా అడుగుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో పీజీ ఉంది. కాబట్టి డిగ్రీ చేసే మూడేళ్లు వృథా పోవు, ఆ మూడేళ్లలో వేసిన నాటకాలే రేపు చూపించుకోవడానికి పనికొస్తాయి. ఈలోగా ఎంసెట్ కూడా రాయనివ్వండి, రాసినంత మాత్రాన చేరాలని లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. పోర్ట్‌ఫోలియో అనో, రిజిస్ట్రేషన్ అనో, హీరోయిన్ ఛాన్స్ అనో ముందుగా డబ్బడిగిన వాడికి పైసా కట్టొద్దు. ఆడిషన్ ఎక్కడ జరిగినా మొదట్లో మీరో, అమ్మో పక్కన వెళ్లండి.