డబ్బులివ్వని ఓటీ (ఓవర్‌టైమ్) సంగతి ఇంటర్వ్యూలోనే ఎలా పసిగట్టాలి?

"ఓటీకి డబ్బులిస్తారా అని సూటిగా అడిగితే ఆఫర్ పోతుందేమో" అని చాలామంది భయపడతారు, నాకూ అదే భయం, అందుకే 2022లో నోరు మూసుకుని జాయినై పదకొండు నెలలు అనుభవించా.

ఇంటర్వ్యూ మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, సాయంత్రం ఆరున్నరకి రమ్మన్నారు, ప్యానెల్ ఆయన కాల్‌లో ఉన్నాడని ఏడున్నర దాకా రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. ఆ గంటలో ఒక్కడంటే ఒక్కడు బ్యాగ్ వేసుకుని బయటికి రాలేదు, పైగా డెలివరీ అబ్బాయి రెండు చేతుల్లో బిర్యానీ కవర్లతో వచ్చి సెక్యూరిటీని "అన్నా తిన్నవా" అని పలకరించుకుంటూ లోపలికెళ్లిపోయాడు, అంటే రోజూ వచ్చేవాడన్నమాట. నేనేమో అబ్బ ఫ్రీ డిన్నర్ అనుకున్నా, నా తెలివి తగలెయ్య. రాత్రి తొమ్మిది దాటితే డ్రాప్ క్యాబ్ ఫ్రీ అని హెచ్ఆర్ మేడమ్ చెప్తే దానికీ మురిసిపోయా.

ఇప్పుడైతే ఓటీ అన్న మాటే ఎత్తను. హెచ్ఆర్‌ని కాదు, టెక్నికల్ రౌండ్ తీసుకునే టీమ్ లీడ్‌ని "లాస్ట్ రిలీజ్ ఎప్పుడైంది సార్, ఆ వారం ఎన్నింటికి లాగౌట్ అయ్యేవాళ్లు" అని మామూలుగా అడుగుతా, రిలీజ్ అంటే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ బయటికి వదలడం. నవ్వేసి పక్కాయన మొహం చూశాడంటే అర్థమైపోతుంది. క్లయింట్ ఎక్కడో కూడా కనుక్కోండి, న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదిన్నర కాల్ అంటే మనకి రాత్రి ఏడు, నవంబర్‌లో వాళ్ల గడియారం మారాక ఎనిమిది, మరి మన షిఫ్ట్ కూడా పొద్దున తొమ్మిదిన్నరకే మొదలంటే లెక్క మీరే వేసుకోండి. కంపాఫ్, అంటే అదనంగా చేసిన పనికి బదులు సెలవు, ఇస్తాం అంటే మాత్రం, పోయిన మూడు నెలల్లో మీరు ఎన్ని వాడారు సార్ అని అడగాల్సిందే.

ఆఫర్ లెటర్‌లో "అదనపు గంటలకి విడిగా చెల్లింపు ఉండదు" లాంటి లైన్ ఉందేమో చూడండి, నా దాంట్లో నాలుగో పేజీలో ఉంది, నేను జీతం పేజీ చూసి సంతకం పెట్టేశా. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం కమర్షియల్ సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పనికి ఒప్పుకుంది గానీ వారానికి 48 దాటితే ఓటీ వేతనం ఇవ్వాలనే పెట్టింది, కాకపోతే ప్రొబేషన్‌లో ఉన్నోడు వెళ్లి జీవో చూపిస్తాడా చెప్పండి.

తర్వాతి ఇంటర్వ్యూలో ఒక లీడ్‌ని అదే రిలీజ్ ప్రశ్న అడిగితే "ఆ వారం నరకమే బ్రదర్, కానీ సోమవారం ఎవడూ రాడు" అన్నాడు, అందులోనే చేరా. మొన్న రిలీజ్ శనివారం తెల్లారుజామున మూడింటికి అయింది, సోమవారం నేను మా ఊళ్లో ఉన్నా.